మూతిలోంచి నింపే రైఫిల్‌లో కోనికల్ తూటాల పరీక్ష: మూడు కాల్పుల గ్రూపును ఎందుకు నమ్మకూడదు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారి దగ్గర 0.50 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) క్యాప్‌లాక్ రైఫిల్, అంటే చిన్న పేలుడు క్యాపుతో మందు అంటుకునే రైఫిల్ ఉంది. దాని గొట్టంలో చాళ్లు 48 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఇంతకాలం గుడ్డముక్కలో చుట్టిన గుండునే వాడిన ఆయన ఇప్పుడు మూడు రకాల కోనికల్ (మొన ఉన్న పొడవాటి) తూటాలు తెచ్చుకున్నారు: 320 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా, మందు తూకానికి వాడే చిన్న కొలత) నిండు తూటా, 370 గ్రెయిన్ల నిండు తూటా, అడుగు బోలుగా ఉన్న 385 గ్రెయిన్ల తూటా. 50 గజాల దూరంలో ఒక్కోదానితో మూడేసి కాల్పులు కాల్చగా 370 గ్రెయిన్లది 2 అంగుళాల గ్రూపు (కాగితం మీద పడిన రంధ్రాల గుంపు), బోలు అడుగుది 5 అంగుళాల గ్రూపు ఇచ్చాయి. వారం తరువాత అదే పరీక్ష మళ్లీ చేస్తే ఫలితం తారుమారైంది. ఏ వారం ఫలితాన్ని నమ్మాలని అడుగుతున్నారు.

నా జవాబు: రెండు వారాల్లోనూ మీరు కొలిచినది నిజమే, కానీ ఆ కొలతలో తూటా గురించిన సమాచారం దాదాపు ఏమీ లేదు. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది లెక్కకు సంబంధించినది, రెండవది గొట్టంలో పేరుకునే మసికి సంబంధించినది. చాలామంది రెండవదాన్ని కొంతైనా పట్టించుకుంటారు గాని మొదటిదాన్ని అసలు పట్టించుకోరు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక రైఫిల్, ఒక తుపాకి మందు కొలత, ఒక తూటా కలిసినప్పుడు వాటికి ఒక సహజమైన చెదురు ఉంటుంది. అడ్డంగానూ నిలువుగానూ ఆ చెదురు ఒకే తీరుగా ఉందనుకుని, దాని ప్రామాణిక విచలనాన్ని (చెదురు ఎంతో చెప్పే గణాంక కొలతను) ఒక పాలు అనుకుంటే, మూడు కాల్పుల గ్రూపులో అత్యంత దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం సగటున 2.4 పాళ్లు వస్తుంది. అయిదు కాల్పులకు అది 3.1 పాళ్లు, పది కాల్పులకు 3.8 పాళ్లు అవుతుంది. అంటే మూడు కాల్పులకు సగటున 2 అంగుళాలు ఇచ్చే తూటాయే పది కాల్పులకు సుమారు 3.2 అంగుళాలు ఇస్తుంది. తూటా చెడిపోలేదు, గురి తప్పలేదు, మనం ఎక్కువసార్లు చూశామంతే. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మూడు కాల్పుల గ్రూపు సైజు తన సగటు చుట్టూ మూడో వంతుకు పైగా అటూ ఇటూ ఊగుతుంది. మూడు కాల్పులకే సగటు 3.2 అంగుళాలైన మరో తూటా ఒక రోజు 2 అంగుళాలు, మరో రోజు 5 అంగుళాలు ఇవ్వడంలో వింత లేదు. మీ రెండు వారాల కథ సరిగ్గా ఇదే.

కాబట్టి గ్రూపు సైజును కొలవడం మానేసి, ప్రతి రంధ్రం గ్రూపు మధ్యబిందువు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి ఆ దూరాల సగటు తీయండి. దీన్ని సగటు వ్యాసార్థం అంటారు. గ్రూపు సైజును రెండే రంధ్రాలు నిర్ణయిస్తాయి, మిగతావాటి సాక్ష్యం వృథా అవుతుంది. సగటు వ్యాసార్థంలో ప్రతి కాల్పుకూ ఓటు ఉంటుంది. ఒక్కో రకానికి కనీసం ఇరవై కాల్పులు కావాలి. ఒకే రోజున ఇరవై కాల్చమని నేను అనడం లేదు, అది చేయకూడదు కూడా. ఆ సంగతి తరువాత చెబుతాను. ఒక చిన్న ఉపాయం ఉంది: ప్రతి రకం తూటాకు ఒక పెద్ద కాగితాన్ని కేటాయించి, గురిచుక్క ఉన్న ముందు కాగితానికి వెనుక ప్రతిసారీ అదే స్థానంలో బిగించండి. ముందు కాగితం అయిదు కాల్పులకు ఒకటి చొప్పున మారుతుంది, వెనుక కాగితం నాలుగు రోజులూ అదే ఉంటుంది. చివరకు ఆ వెనుక కాగితం మీద ఇరవై రంధ్రాలు కనిపించినప్పుడు, మొదటి రోజు మీరు మురిసిపోయిన గ్రూపు ఆ మొత్తంలో ఎక్కడ ఇమిడిపోయిందో మీకే అర్థమవుతుంది.

ఇక కాల్చడానికి ముందు ఇంట్లోనే తేల్చుకోవలసిన పనులు ఉన్నాయి. మొదటిది గొట్టం మెలిక, అంటే చాళ్లు ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవు. తయారీదారు చెప్పిన సంఖ్యను నమ్మకుండా మీరే కొలవండి: పిడి స్వేచ్ఛగా తిరిగే కడ్డీకి బిగువైన గుడ్డముక్క తొడిగి, లోపలికి నెట్టుతూ అది పావు చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాలు ప్రయాణించిందో గుర్తు పెట్టుకుని నాలుగుతో గుణిస్తే చాలు. తరువాత తూటా పొడవు. బ్రిటిష్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మొదటి అంచనాకు పనికొస్తుంది: తూటా వ్యాసం వర్గాన్ని 150తో గుణించి మెలిక అంగుళాలతో భాగిస్తే, ఆ మెలిక నిలకడగా తిప్పగల సీసపు తూటా పొడవు వస్తుంది. 0.50 క్యాలిబర్‌కు 48 అంగుళాల మెలిక అయితే 0.78 అంగుళం, 28 అంగుళాల మెలిక అయితే 1.34 అంగుళాలు, గుండు కోసమే తయారైన 66 అంగుళాల మెలిక అయితే 0.57 అంగుళం మాత్రమే. ఈ చివరిది 0.490 అంగుళాల గుండు కన్నా ఏమంత పొడవు కాదు; గుండు గొట్టాల్లో పొడవైన కోనికల్ ఎందుకు తడబడుతుందో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

మీ 370 గ్రెయిన్ల నిండు తూటాను శుద్ధ సీసపు స్తంభంగా ఊహించుకున్నా దాని పొడవు సుమారు 0.66 అంగుళం ఉంటుంది. మొన సన్నబడటం, పక్కన కందెన గాళ్లు ఉండటం వల్ల అసలు పొడవు అంతకన్నా గణనీయంగా ఎక్కువే అవుతుంది. అంటే అది మీ గొట్టానికి సరిహద్దు మీద ఉంటుంది, 320 గ్రెయిన్లది హాయిగా లోపల ఉంటుంది. అయితే సరిహద్దు దాటిందని దాన్ని కాగితం మీదే కొట్టేయవద్దు. గ్రీన్‌హిల్ సూత్రం కొంత వెసులుబాటు ఉంచుకునే లెక్క కడుతుంది, 48 అంగుళాల గొట్టాల్లో ఆ బరువు తూటాలను బాగా కాల్చేవారు ఎందరో ఉన్నారు. బోలు అడుగు తూటాకు ఈ సూత్రం నేరుగా అన్వయించదు, ఎందుకంటే దాని బరువంతా ముందుకు జరిగి ఉంటుంది. బ్రిటిష్ సైన్యపు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ సంగతే చూడండి. దాని 0.577 క్యాలిబర్‌కు, 78 అంగుళాల మెలికకు సూత్రం 0.64 అంగుళం అనుమతిస్తుంది. కాని ఆ సైన్యం వాడిన 530 గ్రెయిన్ల తూటా అంతకన్నా చాలా పొడవైనది, అయినా అది తన కాలపు యుద్ధాల్లో పనిచేసింది. మరో కొసన బ్రిటిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ తన 0.451 క్యాలిబర్ షడ్భుజ గొట్టానికి 20 అంగుళాల మెలిక పెట్టాడు. అక్కడ సూత్రం ఒకటిన్నర అంగుళాల తూటాకు చోటిస్తుంది. 1860లో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి 400 గజాల లక్ష్యానికి తొలి కాల్పు కాల్చింది ఆ రైఫిల్‌తోనే.

మెలిక కన్నా ఎక్కువగా తప్పు జరిగేది తూటాకూ గొట్టానికీ మధ్య బిగువులో. గొట్టం మీద 0.50 అని చెక్కినంత మాత్రాన గట్ల (చాళ్ల మధ్య ఎత్తుగా మిగిలిన భాగాల) మధ్య వ్యాసం సరిగ్గా అంతే ఉంటుందన్న హామీ లేదు. దీన్ని తెలుసుకోవడానికి కాస్త పెద్దదైన మెత్తటి సీసపు గుండుకు ముందే ఒక స్క్రూ బిగించి, గొట్టం ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాక, మూతిలోకి ఒక అంగుళం మేర కొట్టి, స్క్రూ పట్టుకుని వెనక్కు లాగి, దాని మీద పడిన అచ్చును మైక్రోమీటర్‌తో కొలవండి. గాళ్లలా లోతుకు పోయిన గుర్తులు గట్లవి, ఎత్తుగా మిగిలినవి చాళ్లవి. బోలు అడుగు తూటా గట్ల వ్యాసం కన్నా అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వెయ్యో వంతులు తక్కువగా ఉండాలి. అంతకన్నా వదులైతే పేలుడు ఒత్తిడికి దాని అంచు విచ్చుకుని చాళ్లను పట్టుకునే లోపే వాయువు పక్కలనుంచి తప్పించుకుంటుంది. దట్టించేటప్పుడే గట్లు చెక్కుకునే నిండు తూటాలది వేరే దారి: వాటి పై వలయం గట్ల కన్నా పెద్దదిగా ఉండి, మూతి దగ్గర గట్టిగా తోస్తేనే లోపలికి దిగుతుంది. చాళ్ల లోతు కూడా చూడండి. గుండు కోసం చేసిన గొట్టాల్లో చాళ్లు లోతుగా ఉంటాయి, ఎందుకంటే ఆ లోతును గుడ్డ నింపుతుంది. నిండు తూటా దగ్గర గుడ్డ లేదు కాబట్టి ఆ లోతు దానికి శత్రువు. అమెరికా అంతర్యుద్ధ కాలపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టాల్లో చాళ్లు వెనుక 0.015 అంగుళం లోతుతో మొదలై మూతి దగ్గర 0.005 అంగుళానికి తగ్గుతాయి. విచ్చుకునే తూటాను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు అది, మామూలు గొట్టంలో మనం దాన్ని ఆశించలేము.

సీసం విషయంలో రాజీ పడవద్దు. శుద్ధ సీసం గట్టిదనం బ్రినెల్ కొలమానంలో సుమారు 5. చక్రాల సమతూకానికి వాడే సీసపు ముక్కల్లో ఆంటిమొనీ కలిసి ఉంటుంది కాబట్టి అది అంతకు రెట్టింపు గట్టిగా ఉంటుంది. ఆ లోహంతో పోసిన బోలు తూటా విచ్చుకోదు, నిండు తూటా మూతిలో దిగదు, బలవంతాన దింపితే వంకరగా దిగుతుంది. బొటనవేలి గోరుతో గీస్తే స్పష్టమైన గీత పడాలి. మీరే పోసుకుంటే ప్రతి తూటానూ తూచి, సగటుకు ఒక గ్రెయిను అటూ ఇటూ ఉన్నవే పరీక్షకు ఉంచుకోండి. తక్కువ తూగినదానిలో గాలిబుడగ ఉన్నట్టే. చూపుతో ఏరేటప్పుడు మొనను కాక అడుగును చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ కావాలని తూటాల మొనలనూ అడుగులనూ చెడగొట్టి కాల్చి చూశాడు. మొన నొక్కుకుపోయిన తూటాలు దాదాపు మామూలుగానే వెళ్లాయి, అడుగు అంచు దెబ్బతిన్నవి దారి తప్పాయి. మూతి దాటే క్షణంలో వాయువు అడుగు చుట్టూ సమానంగా విడుదల కావాలి. అంచులో ఒక పక్క నొక్కు ఉంటే వాయువు అటువైపు ముందు తప్పించుకుని తూటాను పక్కకు తోస్తుంది. మందుకూ తూటాకూ మధ్య కందెన పట్టించిన ఉన్ని బిళ్ల పెట్టడం ఇందుకే ఎన్నో గొట్టాల్లో మేలు చేస్తుంది. అయితే పెడితే ప్రతిసారీ పెట్టాలి, లేకపోతే అసలు పెట్టకూడదు.

కందెన గురించి నాలుగు మాటలు. తేనెమైనం, జంతువుల కొవ్వు సమపాళ్లలో కరిగించిన మిశ్రమం నూటయాభై ఏళ్లకు పైగా పరీక్షకు నిలిచినది. పెట్రోలియం నుంచి వచ్చే గ్రీజులు నల్లమందు (ఈ తుపాకుల్లో వాడే పాతకాలపు నల్లటి తుపాకి మందు) మసితో కలిసి తారులా గట్టిపడతాయి కాబట్టి వాటిని దూరంగా ఉంచండి. ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం 1857లో ఎక్కడిదాకా వెళ్లిందో మనవారికి చెప్పనక్కరలేదు. ఆ కొవ్వు అక్కడ ఉండటానికి సాంకేతిక కారణం మాత్రం ఇదే, మసిని మెత్తగా ఉంచితే తరువాతి తూటా చేతి బలంతోనే దిగుతుంది.

మసి దగ్గరకు వచ్చాం కాబట్టి అసలు విషయం చెప్పాలి. నల్లమందు బరువులో సగానికి పైగా కాలిన తరువాత ఘనపదార్థంగా మిగులుతుంది. కొంత పొగగా పోతుంది, కొంత గొట్టానికి అంటుకుంటుంది. గుడ్డ చుట్టిన గుండు ప్రతిసారీ ఆ గుడ్డతోనే గొట్టాన్ని కొంత తుడుస్తుంది. కోనికల్ తూటాకు ఆ సౌకర్యం లేదు. శుభ్రమైన గొట్టంలో మొదటి కాల్పు, ఒక పొర మసి మీద రెండవ కాల్పు, మూడు పొరల మీద నాలుగవ కాల్పు వేర్వేరు గొట్టాల్లో కాల్చినట్టే ఉంటాయి. మీ మూడు కాల్పుల గ్రూపులో మూడు వేర్వేరు గొట్టాలు కలిసిపోయాయి. గాలిలో తేమ తక్కువగా, ఎండ ఎక్కువగా ఉన్న రోజున మసి పెంకులా గట్టిపడుతుంది, తేమ ఉన్న రోజున మెత్తగా ఉంటుంది. కాబట్టి మొదటి వారానికీ రెండవ వారానికీ వాతావరణం మారి ఉంటే అది కూడా మీ ఫలితంలో కలిసి ఉండవచ్చు.

అందుకని ఒక క్రమాన్ని నిర్ణయించుకుని దాన్ని పూజావిధిలా పాటించండి. ముందుగా గొట్టంలోని నూనెను పూర్తిగా తుడిచి, ఖాళీ గొట్టం మీద ఒకటి రెండు క్యాపులు పేల్చి నిప్పుదారి (క్యాపు మంట మందును చేరే సన్నటి రంధ్రం) పొడిగా ఉందని నిర్ధారించుకోండి. తరువాత లెక్కలోకి రాని ఒక కాల్పు కాల్చండి. అక్కడి నుంచి ప్రతి కాల్పు తరువాత కొద్దిగా తడిపిన ఒక గుడ్డముక్కను ఒకసారి అడుగు దాకా పంపి తీసి, తిప్పి మళ్లీ పంపి, ఆపైన ఒక పొడి ముక్కతో తుడవండి. ముక్క తడిగా ఉండాలి గాని నీరు కారకూడదు. నీరు కారితే అడుగున చేరి తరువాతి మందును పాడుచేస్తుంది, మరీ బిగువుగా ఉంటే మసిని ముందుకు తోసుకెళ్లి నిప్పుదారిలో కుక్కుతుంది. ఈ తుడుపు వల్ల అడుగున మిణుకుమనే నిప్పురవ్వ ఉంటే అదీ చల్లారుతుంది, కాబట్టి ఇది కచ్చితత్వానికి ఎంతో భద్రతకూ అంతే. దట్టించేటప్పుడు చేతికి తగిలే ఒత్తిడిని గమనిస్తూ ఉండండి. హఠాత్తుగా కష్టంగా దిగిన తూటా, హఠాత్తుగా జారుకుంటూ దిగిన తూటా రెండూ చీటీలో గుర్తు పెట్టుకోవలసినవే. నా అనుభవంలో దూరంగా పడిన రంధ్రాల్లో ఎక్కువ భాగానికి ఆ చీటీలో ముందే గుర్తు ఉంటుంది.

నా పొరపాటు ఒకటి చెబుతాను. ఒక రైఫిల్‌లో నిండు తూటాలు ప్రతి అయిదింటిలో ఒకటి నాలుగైదు అంగుళాలు పక్కకు పోతుండేవి. మందు మార్చాను, కందెన మార్చాను, తూటా అచ్చు కూడా మార్చాను. ఒక సీజనంతా ఇలాగే గడిచింది. చివరకు మూతిలో కొద్దిగా దిగిన తూటాను అక్కడే ఆపి చూస్తే అది ఒక పక్కకు ఒరిగి ఉంది. తూటాను మూతిలోకి మొదట దింపడానికి నేను వాడిన పొట్టి కడ్డీ చివర చదునుగా ఉండటం వల్ల గుండ్రటి మొన మీద అది ఎటు నిలబడితే అటు తోసేది. తూటా మొన ఆకారానికి సరిపోయే గుంత ఉన్న చివరను చేయించి బిగించాక ఆ తప్పిపోయే కాల్పులు ఆగిపోయాయి. తూటా తప్పు కాదు, మందు తప్పు కాదు. వేలెడంత కడ్డీ తప్పు.

మందు విషయానికి వస్తే, ముందుగా తప్పనిసరి మాట: ఈ తుపాకుల్లో నల్లమందు గాని, వాటికోసమే తయారైన ప్రత్యామ్నాయ మందు గాని తప్ప పొగలేని మందు ఏ కొలతలోనూ, కొంచెం కలపడానికి కూడా, వాడకూడదు. ప్రత్యామ్నాయ మందులు ఎక్కువగా నల్లమందు కన్నా తేలిక, కాబట్టి వాటి కొలత పాత్ర పరిమాణం ప్రకారమే గాని తూకం ప్రకారం కాదు. తయారీదారు ఆ బరువు తూటాకు చెప్పిన గరిష్ఠ కొలత మీ పై హద్దు. గుండుకు చెప్పిన హద్దు కోనికల్‌కు వర్తించదు, ఎందుకంటే తూటా బరువు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. 50 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి అయిదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ వెళ్లండి. ఈ దశలో ఒక్కో కొలతకు అయిదు కాల్పులు చాలు, ఎందుకంటే మీరు వెతుకుతున్నది విజేతను కాదు, స్పష్టంగా పనికిరానివాటిని. బోలు అడుగు తూటాతో మాత్రం ఆశ తగ్గించుకోండి. స్ప్రింగ్‌ఫీల్డ్ సైనిక కొలత 60 గ్రెయిన్లు, ఎన్‌ఫీల్డ్‌ది రెండున్నర డ్రాములు, అంటే సుమారు 68 గ్రెయిన్లు. అవి 500 గ్రెయిన్లు, ఆపైన తూగే తూటాలకు. దానికి మించి వేస్తే పల్చని అంచు మూతి దాటగానే గంటలా విచ్చుకుని తూటా చెదిరిపోతుంది. ఒకవేళ మీ 5 అంగుళాల గ్రూపు 90 గ్రెయిన్లతో వచ్చినదైతే నాకు ఆశ్చర్యం లేదు.

మందును ఇంటి దగ్గరే కొలిచి మూత ఉన్న చిన్న గొట్టాల్లో పోసుకుని తీసుకెళ్లండి; కొమ్ము నుంచి గాని డబ్బా నుంచి గాని నేరుగా గొట్టంలోకి పోయడం ఎప్పుడూ చేయకూడదు. తూటాను మందు మీద పూర్తిగా ఆనేదాకా దట్టించాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. కడ్డీ మీద ఒక గుర్తు పెట్టుకుని ప్రతిసారీ ఆ గుర్తు మూతితో సమంగా వచ్చిందో లేదో చూడండి. గుడ్డ లేని కోనికల్ తూటా, ముఖ్యంగా వదులుగా దిగే బోలు రకం, మూతిని కిందికి వంచితే ముందుకు జారగలదు. కాబట్టి దట్టించాక తుపాకిని మూతి పైకే ఉంచాలి, అనుమానం వస్తే మళ్లీ ఆనించాలి. దట్టించే బలం కూడా ఒకేలా ఉండాలి. కొందరు తుపాకి మడమను బరువు తూచే యంత్రం మీద ఆనించి ప్రతిసారీ ఒకే అంకె వచ్చేదాకా నొక్కుతారు. మొదట అతిశయంగా అనిపిస్తుంది గాని నెల రోజులు చేస్తే చేతికి ఆ బలం అలవాటైపోయి యంత్రం అవసరం తీరిపోతుంది. ముఖాన్ని, మొండేన్ని మాత్రం మూతి ఎదుటకు రానివ్వకండి.

క్రోనోగ్రాఫ్ (తూటా వేగాన్ని కొలిచే పరికరం) ఉంటే వాడండి, దాన్ని మూతికి పదిహేను అడుగుల దూరంలోనైనా పెట్టండి, లేకపోతే పొగా బిళ్లా దాన్ని తికమక పెడతాయి. దాని అంకెలను ఎలా అర్థం చేసుకోవాలంటే, సగటున సెకనుకు 1200 అడుగులు పోయే తూటా 100 గజాలు చేరడానికి పావు సెకను పడుతుంది, అంతలో సుమారు 12 అంగుళాలు కిందికి పడుతుంది. మూతి దగ్గర వేగంలో 50 అడుగుల తేడా ఉంటే ఆ పతనంలో ఇంచుమించు ఒక అంగుళం తేడా వస్తుంది. 50 గజాల దగ్గర అదే తేడా పావు అంగుళమే. అందువల్ల వేగం ఎగుడుదిగుడుగా ఉన్న కొలత 50 గజాల కాగితం మీద అమాయకంగా కనిపించి 100 గజాల కాగితం మీద నిలువుగా సాగుతుంది. నిలకడ లేని తూటా కూడా అంతే, దగ్గర్లో గుండ్రటి రంధ్రం చేసి దూరంలో అండాకారపు రంధ్రం చేయవచ్చు. వడపోత 50 గజాల దగ్గర, తీర్పు 100 గజాల దగ్గర జరగాలి. రంధ్రాల ఆకారం స్పష్టంగా తెలియాలంటే గట్టి కాగితాన్ని బిగువుగా సాగదీసి కట్టండి. అండాకారపు రంధ్రం ఒక్కటి కనిపించినా ఆ తూటా ఆ వేగంలో మీ గొట్టానికి సరిపోదు. కొంచెం మందు పెంచి ఒకసారి చూడవచ్చు, ఆపైన దాన్ని వదిలేయడమే మంచిది.

కాగితాన్ని చదివేటప్పుడు గ్రూపు ఎక్కడ పడిందన్నదాన్ని, ఎంత చెదిరిందన్నదాన్ని కలపకండి. గుండు పడిన చోట కోనికల్ పడదు, గురికంటిని జరపడం చివరి పని. నిలువుగా సాగిన గ్రూపు చూస్తే నేను మొదట దట్టించే బలాన్నీ నిప్పుదారినీ అనుమానిస్తాను. అడ్డంగా సాగితే గాలినీ, కంటికీ గురికీ మధ్య వెలుతురునూ అనుమానిస్తాను. రెండు ముద్దలుగా విడిపోతే గొట్టాన్ని కర్రకు బిగించే మేకును ఒకసారి చూస్తాను, తుడుపు ఎక్కడైనా తప్పిందేమో చీటీలో వెతుకుతాను. ఇవన్నీ అనుమానాలే, అయిదు రంధ్రాల గ్రూపులో ఇలాంటి ఆకారాలు ఊరికే కూడా ఏర్పడతాయి. వెనుక కాగితం మీద ఇరవై రంధ్రాల్లోనూ అదే ఆకారం ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటాను.

ఒకే రోజు ఎక్కువ కాల్చవద్దన్నది ఎందుకంటే, 370 గ్రెయిన్ల తూటా 80 గ్రెయిన్ల మందుతో భుజాన్ని గట్టిగానే తంతుంది. పదిహేనవ కాల్పు దాటాక మీకు తెలియకుండానే కన్ను మూసుకుంటుంది, వేలు గుంజుతుంది. అప్పటినుంచి మీరు కొలిచేది మీ భుజాన్ని. రోజుకు పదిహేను కాల్పులు పెట్టుకుని, మూడు రకాలకూ అయిదేసి చొప్పున పంచండి. ఒక రకాన్ని పూర్తిగా ముగించి రెండోది మొదలుపెట్టకుండా ఒక్కొక్కటి చొప్పున మార్చి మార్చి కాల్చండి, మరుసటి రోజు వరుస తిరగేయండి. అలసట గాని, ఎండ గాని, గాలి గాని ఒక్క రకం మీదే పడకుండా మూడింటికీ సమానంగా పంచుకుపోతుంది. వేర్వేరు కందెనలున్న తూటాలను ఇలా కలిపి కాల్చేటప్పుడు తుడుపు మరింత శ్రద్ధగా ఉండాలి. కాల్చే బల్ల మీద తుపాకి ముందు భాగాన్ని ప్రతిసారీ ఒకే చోట, మెత్తటి సంచి మీద, గొట్టం దేనికీ తగలకుండా ఆనించండి.

ఇలా నాలుగు రోజులు కాల్చాక మూడు వెనుక కాగితాల సగటు వ్యాసార్థాలు మీ చేతిలో ఉంటాయి. ఇరవై కాల్పుల మీద కూడా ఆ సంఖ్యలో సుమారు 12 శాతం ఊగిసలాట మిగిలే ఉంటుంది. 100 గజాల దగ్గర ఒకటి 1.1 అంగుళాలు, మరొకటి 1.3 అంగుళాలు వస్తే వాటి మధ్య తేడా ఉందని చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేదు. సులువుగా దిగేదాన్ని, తక్కువ తన్నేదాన్ని ఎంచుకోండి. 1.1 అంగుళాలు, 1.8 అంగుళాలు వస్తే మాత్రం మాటల్లేవు. వేటకు వాడదలచినవారైతే ఇంకొక కాగితం కూడా తెరవాలి: ప్రతి రోజూ నూనె తుడిచిన శుభ్రమైన గొట్టంలో ఎంచుకున్న తూటాతో కాల్చే మొదటి కాల్పును, లెక్కలోకి రాదని పైన చెప్పిన ఆ కాల్పునే, వృథా చేయకుండా ఆ కాగితం మీద కాల్చాలి. అయిదారు రోజుల తరువాత ఆ రంధ్రాలు మిగతా గ్రూపు కన్నా రెండు అంగుళాలు పైకో పక్కకో పడుతున్నాయని తేలితే, గురిని సరిచేయవలసింది ఆ రంధ్రాల కోసమే గాని, బల్ల మీద తుడుచుకుంటూ కాల్చిన ఇరవై రంధ్రాల కోసం కాదు.